పిచ్చుక చెప్పిన మాటలు

కూతురు గంటసేపు వానలో తలుపు బయట నిలబడిన రోజున మాస్టరమ్మ చెవుల సంగతి ఇంట్లో తేలిపోయింది. తాళంచెవి మరిచిపోయి మందుల షాపు డ్యూటీ నుంచి వచ్చిన ఆ పిల్ల గంట కొట్టింది, తలుపు బాదింది, ఫోను చేసింది, చివరికి కిటికీ మీదకి గులకరాళ్ళు విసిరింది. లోపల తల్లి కిటికీకి వీపు పెట్టి కూర్చుని పాత దుప్పటికి అంచు కుడుతోంది. దారం అయిపోయి లేచినప్పుడు గానీ, అద్దం అవతల, కింద వీధిలో తడిసి ముద్దయిన మనిషి ఆవిడ కంటపడలేదు.

"నాకు జ్వరం వస్తే రానీ," అంది కూతురు తల తుడుచుకుంటూ. తల్లి మొహానికి ఎదురుగా నిలబడి ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "రేపు ఇల్లు అంటుకున్నా నీకు తెలీదు కదమ్మా! ఎల్లుండి చెవుల పరీక్షకి వెళ్తున్నాం. వద్దన్నావంటే ఊరుకోను."

మాస్టరమ్మ వద్దనలేదు. వణుకుతున్న కూతుర్ని చూశాక ఆవిడకి అడ్డుచెప్పే మొహం లేకపోయింది.

మాస్టరమ్మ అంటే బడిలో పాఠాలు చెప్పే మాస్టరు కాదు, బట్ట కత్తిరించే మాస్టరు. ఆస్పత్రి కోట్లూ, స్కూలు యూనిఫారాలూ, హోటలు పనివాళ్ళ చొక్కాలూ కుట్టే ఒక కుట్టుకేంద్రంలో ఇరవై ఏడేళ్ళపాటు కటింగ్ బల్ల ఆవిడదే. నలభై పొరల బట్ట ఒకదాని మీద ఒకటి పరిచి, పైన అట్ట నమూనాలు పెట్టి, సుద్దతో గీసి, కరెంటు కత్తితో కోసిందంటే పై పొరకీ అడుగు పొరకీ వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. బల్లకి ఆ పక్కన అరవై కుట్టుమిషన్లు, ఈ పక్కన కరెంటు కత్తి. ఆ రొదలో అన్నేళ్ళు గడిపితే చెవులేమవుతాయో అప్పట్లో ఎవరికీ పట్టలేదు. యజమాని పెద్దాయనకీ పట్టలేదు. హాలుకీ ఆయన గదికీ మధ్య ఉన్నది ఒక్క చెక్క గోడే.

మొదట గుసగుసలు పోయాయి. తరవాత స, శ, త లాంటి అక్షరాలు పోయాయి. మాట వినపడేది గానీ అర్థమయ్యేది కాదు. ఊరంతా ఉన్నట్టుండి నోట్లో నీళ్ళు పోసుకుని మాట్లాడుతోందని ఆవిడ చిరాకు పడేది. తప్పు తన చెవులదని ఒప్పుకోవడానికి నాలుగేళ్ళు పట్టింది. ఒప్పుకున్నాక కూడా ఎవరికీ చెప్పలేదు, ఒక్క చెల్లెలికి తప్ప.

చెల్లెలు ఆవిడకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. నోరు మూయకుండా గలగలా వాగుతూ ఉంటుందని తండ్రి పిచ్చుక అని పిలిచేవాడు. పెళ్ళయి పిల్లలు పుట్టినా ఆ పేరు ఆమెను వదల్లేదు. పనిలోకి తీసుకొచ్చిందీ, కత్తెర పట్టుకోవడం నేర్పిందీ మాస్టరమ్మే. బల్లకి అవతలి వైపు నిలబడి బట్ట పరవడం, గుర్తులు పెట్టడం పిచ్చుక పని. అక్క చెవులు మందగించాక ఇంకో పని కూడా ఆమె నెత్తిన పడింది. ఎవరేం చెప్పినా అక్క వైపు తిరిగి, గొంతు పెగల్చకుండా పెదవులతో ఆ మాట అప్పజెప్పేది. ఆ పెదవులు అక్కకి అచ్చుపుస్తకంలా ఉండేవి. పక్కనున్నవాళ్ళకి మాత్రం ఒక్క ముక్క వినపడేది కాదు. "అక్కాచెల్లెళ్ళిద్దరూ చేపల్లా మాట్లాడుకుంటారే!" అని హాల్లో ఆడవాళ్ళు నవ్వేవారు.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం పెద్దాయన ఇద్దరినీ తన గదిలోకి పిలిచాడు. ఆయన మీసం పై పెదవిని పూర్తిగా కప్పేసి ఉంటుంది. ఆ నోటిని చూసి మాట పట్టడం ఎవరి తరమూ కాదు. ఆయన చాలాసేపు మాట్లాడాడు. ఒకసారి పైకప్పు వైపు చెయ్యి చూపించాడు. రెండుసార్లు తన చెవి ముట్టుకున్నాడు. మాస్టరమ్మ చెల్లెలి మొహం వైపు తిరిగింది.

పిచ్చుక పెదవులు నెమ్మదిగా కదిలాయి. "పోయిన నెల ఆస్పత్రి కోట్లు మూడొందలూ తిరిగొచ్చాయంట. చేతి పొడుగు తప్పంట. ఇరవై మూడు చెప్తే నువ్వు ఇరవై రెండు విన్నావంట."

ఏదో ఒకరోజు ఇలాంటిది జరుగుతుందని కొన్నేళ్ళుగా మాస్టరమ్మ భయపడుతూనే ఉంది. "ఏం చేద్దామంటారు?" అని పెదవులతోనే అడిగింది.

"గొడవ చెయ్యడం ఇష్టం లేదంట. నీ అంతట నువ్వే మర్యాదగా మానేస్తే బావుంటుందంట."

మాస్టరమ్మ కాసేపు ఆయన బల్ల అంచు వైపే చూసింది. తరవాత పని కోటు జేబులోంచి పెద్ద కత్తెర తీసి ఆ బల్ల మీద పెట్టింది, తల వంచుకుని బయటికి నడిచింది. ఆయన లేచి నిలబడి ఏదో అంటున్నట్టు గాజు తలుపులో నీడ కనిపించింది. ఏమంటే మాత్రం ఏం లాభం? సాయంత్రం పిచ్చుక ఇంటికొచ్చి అక్కని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. వారం తిరిగేసరికి కటింగ్ బల్ల పిచ్చుకకి దక్కింది. పోనీలే, బయటివాళ్ళ చేతిలో పడకుండా మన చేతిలోనే ఉంది అని మాస్టరమ్మ మనసు సర్దిచెప్పుకుంది.

కానీ ఆ మూడొందల కోట్లు ఆవిడని వదల్లేదు. అన్నం ముందు కూర్చున్నా, బట్టలు ఆరేస్తున్నా, పొట్టి చేతుల తెల్లకోట్లు కళ్ళముందు బారుగా వేలాడేవి. ఆరోజు ఎవరు ఇరవై మూడు అన్నారు, ఎక్కడ నిలబడి అన్నారు, తాను ఎటు తిరిగి ఉంది అని తవ్వి తవ్వి చూసుకునేది. ఎంత తవ్వినా జ్ఞాపకం రాలేదు. జ్ఞాపకం రాకపోవడం కూడా చెవుల తప్పే అనుకుంది.

పరీక్ష గది గోడలకి మెత్తటి పలకలు అంటించి ఉన్నాయి. తలుపు వేయగానే లోకం నోరు మూసుకున్నట్టయింది. చెవులకి పెద్ద తొడుగులు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా మీట నొక్కమంది అక్కడి అమ్మాయి. అద్దం అవతల కూర్చున్న కూతురు తల్లి బొటనవేలు వైపే చూస్తోంది. ఆ వేలు చాలాసేపు కదలకుండా ఉండిపోవడం ఆ పిల్లకి స్పష్టంగా కనిపించింది.

తరవాత ఆ అమ్మాయి ఒక కాగితం చూపించింది. రెండు గీతలు సమంగా బయల్దేరి మధ్యలో కొండమీంచి జారినట్టు కిందికి పడిపోయాయి.

"లావు శబ్దాలు మీకు బానే వినపడుతున్నాయండీ. సన్నవి వచ్చేసరికి జారిపోతున్నాయి. అందుకే మనిషి మాట్లాడుతున్నట్టు తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నాడో తెలీదు. ఏడెనిమిదేళ్ళ కిందటే రావాల్సింది. ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారు?"

కూతురు తిప్పి చెప్పాక మాస్టరమ్మ జవాబిచ్చింది. "మా చెల్లెలు చెప్తుంది. అది ఉండగా నాకే లోటూ లేదు."

బల్ల మీద ట్రేలో రకరకాల చెవి మిషన్లు పెట్టారు. మాస్టరమ్మ చూపు అన్నిటికన్నా చిన్నదాని మీద పడింది. చెవి రంధ్రంలో ఇమిడిపోయేది, చొక్కా గుండీలో సగం కూడా లేదు.

"ఇదివ్వండి. ఎవరికీ కనపడదు."

"కనపడదు, నిజమే," అంది అమ్మాయి. "కానీ అది మీ చెవిని మొత్తం మూసేస్తుంది. మీ గొంతు మీకే డప్పులో మోగినట్టుంటుంది. పైగా దాని బ్యాటరీ మార్చాలంటే వేళ్ళు చురుగ్గా ఉండాలి. ఏదీ, మీ చెయ్యి చూపించండి."

కత్తెర పట్టి పట్టి మాస్టరమ్మ బొటనవేలి కీలు ఎప్పుడో బిగుసుకుపోయింది. ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"చెవి వెనక పెట్టేది తీసుకోండి. సన్నటి తీగ, చివర మెత్తటి బుడిపె, అంతే. రోజూ సాయంత్రం డబ్బాలో పెడితే చార్జి అయిపోతుంది."

"అయితే ఒకటి చాలు. ఈ కుడి చెవికి."

"కళ్ళజోడుకి ఒక్క అద్దమే పెట్టమంటారా ఎవరైనా? ఎవరు ఏ వైపు నుంచి పిలిచారో తెలియాలంటే రెండూ ఉండాలి. మూడు వారాలు వాడి చూడండి. నచ్చకపోతే తిరిగిచ్చేయండి. ఒక్కమాట, పెట్టుకున్న మొదటి రోజే పాత చెవులు వచ్చేస్తాయనుకోకండి. చెవి మరిచిపోయినవి తలకాయ మళ్ళీ నేర్చుకోవాలి."

ఈ సంగతి విని పిచ్చుక పరుగున వచ్చింది. గుమ్మంలోంచే పెదవులు కదిపింది. "అవెందుకక్కా నీకు? మా కింద వాటాలో ముసలాయన పెట్టుకుని, వారం తిరక్కుండానే సొరుగులో పడేశాడు. తల పగిలిపోతుందంట. నేను లేనూ?"

"ఎల్లకాలం నువ్వు నా పక్కనే ఉంటావా? అయినా ఆర్డరు ఇచ్చేశాంలే," అంది మాస్టరమ్మ.

పిచ్చుక మొహం వాడిపోయింది. అది తన మీద ప్రేమే అనుకుని, అక్క ఆమె బుగ్గ తట్టింది.

మొదటి వారం నరకమే. కొళాయి తిప్పితే వంతెన కూలినట్టు చప్పుడు. పేపరు మడిస్తే చెవిలో టపాకాయలు. తన చెప్పుల చప్పుడు విని ఎవరో వెంటపడుతున్నారని రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. అన్నం తింటుంటే గుర్రం గుగ్గిళ్ళు నమిలినట్టు తన దవడలే తనకి వినపడ్డాయి. బజారుకి వెళ్తే బస్సులూ, బేరాలూ, కుక్కలూ, పిల్లలూ ఒక్కసారిగా మీదపడ్డారు. ఇంటికొచ్చి రెండూ పీకి డబ్బాలో పడేసి, మంచం మీద వాలిపోయింది. మర్నాడు కూతురు ఏమీ అనకుండా డబ్బా తెచ్చి కాఫీ కప్పు పక్కన పెట్టింది. ఆవిడ మళ్ళీ పెట్టుకుంది. రోజుకి రెండు గంటలు, తరవాత నాలుగు.

రెండో వారంలో కూతురు స్నానాలగదిలో పాడుతూ ఉంటే మాస్టరమ్మ తలుపు దాకా వెళ్ళి విన్నది.

"ఏమే, నువ్వింత ఘోరంగా పాడతావా?"

"ఎన్నేళ్ళనుంచో పాడుతున్నా. నీకిప్పుడు తెలిసింది," అని లోపల్నుంచి జవాబు వచ్చింది. గోడ అవతలి మాట! మొహం చూడకుండా విన్న మాట! మాస్టరమ్మ అక్కడే పీట మీద కూర్చుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

మూడో వారంలో మిషన్లు సరిచేయించుకోవడానికి ఒంటరిగా వెళ్ళింది. వరండాలో బల్ల మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. చివర్లో చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని తెల్లమీసాల మనిషి. గుర్తుపట్టగానే మాస్టరమ్మకి వెనక్కి తిరిగి పోదామనిపించింది. అంతలో ఆయనే తలెత్తి చూశాడు.

"అరె, మాస్టరమ్మా! పెట్టించుకున్నారన్నమాట!" అని ఆయన అరిచాడు. ఆయనకీ చెవులు పోయాయి, గొంతు ఎంత పెద్దదవుతోందో ఆయనకి తెలియడం లేదు. "నాదీ ఇదే గతి. మనవరాలు మెడపట్టి పంపించింది."

మీసం మాటున మాటలు నలిగిపోతున్నా, అంత దగ్గరగా, అంత గట్టిగా అంటుంటే మిషన్ల పుణ్యమా అని చాలావరకు అందుతున్నాయి. మాస్టరమ్మ బల్ల అంచున కూర్చుంది. రెండేళ్ళుగా గొంతులో అడ్డంపడి ఉన్నది ముందు బయటికి వచ్చింది.

"ఆ కోట్ల విషయంలో నన్ను క్షమించాలండీ. ఆరోజు మీకు ఒక్కమాట చెప్పకుండా వెళ్ళిపోయాను. మొహం చెల్లలేదు."

"ఏ కోట్లు?"

"అవేనండీ, ఆస్పత్రి కోట్లు. చేతి పొడుగు తప్పని మూడొందలూ తిరిగొచ్చినవి."

పెద్దాయన చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని ఇంకోసారి చెప్పమన్నాడు. చెప్పింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మనకి ఏ కోట్లూ తిరిగి రాలేదే! ఆ ఆస్పత్రివాళ్ళయితే, అదే కోత కావాలని మళ్ళీ ఆరొందలకి చెప్పారు. మీరు లేరని ఎంత ఇబ్బంది పడ్డానో! ఎవరు చెప్పారు మీకు?"

"ఆరోజు గదిలో మీరేమన్నారు?" అని మాస్టరమ్మ మెల్లగా అడిగింది. ఆయనకి వినపడలేదు. గొంతు పెంచి మళ్ళీ అడిగింది.

"అదేంటి, మీరు ఎదురుగానే కూర్చున్నారుగా! పైన సామాన్ల గది ఖాళీ చేయిస్తా, మీ బల్ల అక్కడ వేయిస్తా, ఆ రొదకి దూరంగా ఉండొచ్చు అన్నాను. చెవులకి మిషన్లు కంపెనీయే పెట్టిస్తుంది, ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలకి పని నేర్పండి, మీ చేతిలో ఉన్నది మీతోనే పోకూడదు అన్నాను. బతిమాలాను కదమ్మా! మీరేమో కత్తెర తీసి బల్ల మీద పెట్టి లేచిపోయారు. ఇరవై ఏడేళ్ళ పరిచయం! నాకు తల కొట్టేసినట్టయింది."

"మా చెల్లెలు... అది మీకేం చెప్పింది?"

"మీరు బయటికి వెళ్ళాక, చెవిటిదాన్నని బోర్డు కట్టుకుని తిరగలేను, ఆ మిషన్లు పెట్టుకోమంటే చచ్చినా ఒప్పుకోను అంటున్నారని చెప్పింది. తరవాత రెండుసార్లు నేను కబురు పెట్టాను. మీరు ఎవరి మొహమూ చూడనంటున్నారని వచ్చి చెప్పింది. సరే, మనిషికి పంతం ఉంటే మనమేం చేస్తాం అని ఊరుకున్నాను."

వరండాలో అందరూ తమ వైపే చూస్తున్నారు. మాస్టరమ్మ ఎవర్నీ చూడలేదు. బోర్డు కట్టుకుని తిరగలేను అన్న మాట ఆవిడదే. ఎప్పుడో బల్ల దగ్గర చెల్లెలితో అంది. ఆ ఒక్కటీ నిజం. దాన్ని పట్టుకెళ్ళి అబద్ధానికి అతికించింది పిచ్చుక. అతుకు కనపడకుండా కుట్టడం నేర్పింది ఎవరు మరి?

లోపలికి పిలిస్తే వెళ్ళింది. సన్న శబ్దాలు కొంచెం పెంచుతున్నానని అమ్మాయి చెప్పింది. "ఇప్పుడెలా ఉందండీ? స్పష్టంగా వినపడుతోందా?"

"వినపడుతోంది," అంది మాస్టరమ్మ. "అంతా స్పష్టంగానే వినపడుతోంది."

తిన్నగా చెల్లెలి ఇంటికి వెళ్ళింది. పిచ్చుక అప్పుడే పని నుంచి వచ్చి, బియ్యం గిన్నె ఒళ్ళో పెట్టుకుని రాళ్ళు ఏరుతోంది. అక్కని చూసి అలవాటు ప్రకారం పెదవులు కదిపింది. ఏంటక్కా ఈ వేళప్పుడు, అని.

"గొంతుతో మాట్లాడు," అంది మాస్టరమ్మ. "పెద్దాయన కనిపించాడు."

పిచ్చుక చెయ్యి గిన్నెలో ఆగిపోయింది. "ఏమంటాడు?"

ఎనిమిదేళ్ళ తరవాత మాస్టరమ్మ చెల్లెలి గొంతు సరిగా వినడం అదే మొదలు. మూడు వారాలుగా ఇంటికొచ్చినప్పుడల్లా పిచ్చుక చేపలాగే మాట్లాడిందని అప్పుడు గానీ తట్టలేదు. ఆ గొంతు బరువెక్కింది. అచ్చం చనిపోయిన తల్లి గొంతులా ఉంది. అయినా మాస్టరమ్మ అడగాల్సింది అడిగింది.

"మూడొందల కోట్లు తిరిగొచ్చాయన్నావు. ఒక్క కోటైనా వచ్చిందా?"

"ముసలాయనకి మతి చెడింది. ఏదో..."

"ఒక్క కోటు. వచ్చిందా, లేదా?"

పిచ్చుక గిన్నె కింద పెట్టింది. "లేదు," అంది.

మాస్టరమ్మ గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. "రెండేళ్ళనుంచి ఆ కోట్లు తలుచుకుని కుమిలిపోతున్నానే. అన్నం సయించడం లేదని నీతోనే చెప్పుకున్నాను. నువ్వు నా వీపు నిమిరావు. నిమురుతూ కూడా నీకు నోరు రాలేదా? ఎన్నేళ్ళనుంచి నా చెవిలో పూలు పెడుతున్నావే?"

"అది ఒక్కసారే! ఆ ఒక్కరోజే!" పిచ్చుక గొంతు లేచింది. "మిగతా అన్నేళ్ళూ ఒక్క ముక్క పొల్లుపోకుండా చెప్పాను. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నీ మొహానికి ఎదురుగా నిలబడి నోరు నొప్పి పుట్టేటట్టు చెప్పాను. నన్నెవరైనా నా పేరుతో పిలిచారా అక్కడ? మాస్టరమ్మ చెల్లెలు, మాస్టరమ్మ చెవులు! నలభై ఆరేళ్ళొచ్చాయి నాకు. ఆయన పై గది అనగానే నాకు అర్థమైపోయింది. నువ్వు పైకి వెళ్తే, నీ వెనకాల నేనూ పైకే. ఆ బల్ల ఇంకెవరికో. నాకు ఎప్పుడొచ్చేది?"

"నన్నడిగితే ఇచ్చేసేదాన్ని కాదుటే?"

"అడగాలా? నీకు తెలీదా?" పిచ్చుక చీర చెంగుతో మొహం తుడుచుకుంది. "ఆ మాట అంటూ అంటూనే అనుకున్నాను, అక్క ఆయన వైపు తిరిగి ఏ కోట్లండీ అని అడుగుతుంది, నా పని అయిపోతుంది అని. నువ్వు అడగలేదు. ఒక్కసారి కూడా ఆయన వైపు తిరగలేదు."

"నువ్వు చెప్పావు కాబట్టి తిరగలేదు."

వంటింట్లో గడియారం టిక్ టిక్ మంటోంది. అది చప్పుడు చేసే గడియారమని మాస్టరమ్మకి ఇదివరకు తెలీదు.

లేవబోతూ ఆవిడ ఆగిపోయింది. కొత్త భయం ఒకటి పట్టుకుంది. తల్లి పోయి ఆరేళ్ళు. పద్నాలుగో ఏట బడి మాన్పించి పెద్దదాన్ని కుట్టుపనిలో పెట్టింది ఆ తల్లే. ఆ తరవాత జీవితమంతా ఆ ఊసు ఎత్తలేదు. చివరి రోజున ఆవిడ పెదవులు వణికాయే గానీ మాస్టరమ్మకి ఏమీ అందలేదు. పిచ్చుక తల్లి నోటి దగ్గర చెవి పెట్టి విని, తలెత్తి చెప్పింది. పెద్దదాని చదువు పాడుచేశాను, నా మీద కోపం పెట్టుకోవద్దని చెప్పు అంటోందక్కా, అని. ఆ మాటతో మాస్టరమ్మ తల్లిని క్షమించింది. తల్లి పాదాల మీద తల పెట్టి ఏడ్చింది.

"అమ్మ ఆరోజు ఏమంది?" అని అడిగింది.

పిచ్చుక తెల్లబోయింది. "అదేంటక్కా! చెప్పానుగా."

"ఇంకోసారి చెప్పు. గొంతుతో."

"నీ చదువు పాడుచేశానంది. కోపం పెట్టుకోవద్దంది. ఒట్టు. అమ్మ మీద ఒట్టు."

"ఆ మాటలే అందా?"

పిచ్చుక నోరు తెరిచింది. మళ్ళీ మూసింది. "ఆ అర్థం వచ్చేటట్టే అంది," అంది చివరికి.

మాస్టరమ్మ చెల్లెలి మొహంలోకి చాలాసేపు చూసింది. ఎనిమిదేళ్ళు చదివిన మొహం. అందులో ఏమీ దొరకలేదు. చెప్పులేసుకుని వచ్చేసింది.

ఆ తరవాత కొన్నాళ్ళు ఆవిడ ఎవర్నీ నమ్మలేకపోయింది. కూరలవాడు ఒకటి చెప్తే రెండుసార్లు అడిగేది. ఫోనులో మాట్లాడి వచ్చిన కూతుర్ని, "నిజంగా అదే అన్నారా?" అని గుచ్చిగుచ్చి అడిగేది. మూడోసారి అడిగినప్పుడు ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నేను పిన్నిని కాదమ్మా," అంది. మాస్టరమ్మ సిగ్గుపడింది. సిగ్గుపడినా, అడగడం మానడానికి చాలాకాలం పట్టింది.

పెద్దాయన మనవరాల్ని వెంటబెట్టుకుని ఇంటికొచ్చాడు. ఆయన చెవుల వెనక కూడా ఇప్పుడు సన్న తీగలున్నాయి. పై గది ఖాళీ చేయిస్తానన్నాడు. "మీ చెల్లెల్ని రేపే తీసేస్తాను," అని కూడా అన్నాడు.

"తీసేయమని నేను చెప్పను, ఉంచమనీ చెప్పను," అంది మాస్టరమ్మ. "కోతలో దానికి వంక పెట్టలేరు. నేను నేర్పిన చెయ్యి అది."

తరవాతి నెల నుంచి ఆవిడ మళ్ళీ పనిలోకి వెళ్ళింది. పై గదికి రెండు కిటికీలు, ఒక పొడుగాటి బల్ల, ఐదుగురు ఆడపిల్లలు. హాలు దాటేటప్పుడు కుట్టుమిషన్ల రొద తగ్గించుకోవడానికి చెవి వెనక మీట నొక్కుకునేది. పైకి వెళ్ళాక మళ్ళీ నొక్కేది. ఒకమ్మాయి నోట్లోనే గొణుగుతుంది. ఆ పిల్ల చెప్పేది సగమే అందేది. "నాకు వినపడలేదు, ఇటు తిరిగి మళ్ళీ చెప్పు," అని మొహమాటం లేకుండా అనడం అలవాటు చేసుకుంది. కిందినుంచి అట్ట నమూనాలు కావాల్సివస్తే పిచ్చుక తాను రాకుండా ఎవరో ఒకరి చేత పైకి పంపేది. అక్కాచెల్లెళ్ళకి ఏమైందని హాల్లో ఆడవాళ్ళు ఆరాలు తీశారు. మాస్టరమ్మ చెప్పలేదు, పిచ్చుకా చెప్పలేదు.

రెండు నెలలు అలా గడిచాక పిచ్చుక తనంతట తానే మానేసింది. ఊరికి ఆ చివర ఇంకో కుట్టుకేంద్రంలో కుదిరిందని, ఇల్లు కూడా అటే మారుస్తోందని కూతురు చెప్పింది. సామాను ఎత్తే ముందు ఒక సాయంత్రం పిచ్చుక మెట్లెక్కి వచ్చి గంట కొట్టింది. మాస్టరమ్మ లోపలి గదిలో ఉండగానే ఆ గంట విని, వచ్చి తలుపు తీసింది.

పిచ్చుక గుమ్మం అవతలే నిలబడి చాలాసేపు మాట్లాడింది, గొంతుతోనే. తప్పయిపోయిందంది. ఆ రెండేళ్ళూ బల్ల దగ్గర నిలబడిన ప్రతిరోజూ చేతులు వణికాయంది. అమ్మ విషయంలో మాత్రం అబద్ధం చెప్పలేదంది. చిన్నప్పటి సంగతులు ఏవేవో చెప్పింది. మాస్టరమ్మ తలుపు పట్టుకుని నిలబడి మొత్తం విన్నది. ఒక్క అక్షరం పోలేదు. అందులో ఏది నమ్మాలో ఆవిడకి తెలియలేదు.

"వెళ్ళొస్తానక్కా," అంది పిచ్చుక.

లోపలికి రమ్మనాలని మాట నోటి దాకా వచ్చింది గానీ పైకి రాలేదు. "జాగ్రత్తగా దిగు. కింద మెట్టు విరిగింది," అంది.

తలుపు వేసింది. చెప్పుల చప్పుడు ఒక్కో మెట్టూ దిగుతూ వినపడుతోంది. మెట్ల మలుపు దగ్గర ఆగింది. మాస్టరమ్మ గడియ మీద చెయ్యి వేసి నిలబడింది. కింద మనిషి కదలడం లేదు, పైన ఈవిడా కదల్లేదు. కాసేపటికి మళ్ళీ చెప్పుల చప్పుడు మొదలైంది. వీధి గేటు కిర్రుమనే దాకా ఆవిడ అక్కడే ఉండి విన్నది. ఆ తరవాత లోపలికి వెళ్ళి, రెండు చెవుల్లోంచీ మిషన్లు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి డబ్బాలో పెట్టుకుంది.